పశువుల యెరువును, పొలమునుండి పారు నీటిలోని లోహములును



గడచిన మాసమున మాధవరములో మన సంఘసభ్యులు కొందఱు కూడియున్న సమయమున ఒక పెద్దరైతు మమ్ము ఇట్లు ప్రశ్నించెను: "అయ్యా, ఊరిలో పశువులు తగ్గినవి, దిబ్బలు చిన్నవైనవి. దూరపు కోళ్ల ఫారములనుండి లారీలతో ఎరువు తెప్పింతమని సంఘములో అనుకొనుచున్నారు. మా మనుమడు చదువుకొన్నవాడు. ఆ యెరువులో రాగి, జింకు మొదలగు లోహములు గలవనియు, వానకు అవి కొట్టుకొనిపోయి కుంటలలోను, ఏటిలోను చేరుననియు చెప్పుచున్నాడు. మా తాతలనాటినుండి పెంట తోలుచునే యున్నాము. ఇది మేలో కీడో ఒక్కమాటలో చెప్పుడు."

ఒక్కమాటలో చెప్పవలెనన్న, మేలే యని చెప్పుదుము. కాని ఆ మేలు కొన్ని కట్టుబాట్లకు లోబడినది. ఆ కట్టుబాట్లు తెలియక తోలిన యెరువు మన పొలమునకు సగము మేలును, క్రిందివాని కుంటకు కొంత కీడును చేయును. ఈ సంగతి అందఱికిని అక్కఱకు వచ్చునది గావున, సంఘము లారీలకు బయానా నిచ్చుటకు ముందే ఇచట వివరముగ వ్రాయుచున్నాము.

లోహములు ఎక్కడివి?

లోహమనగానే విషమని తలపరాదు. జింకు, రాగి, ఇనుము, మాంగనీసు పైరునకు ఆహారములు; పశువునకును మనుష్యునకును గూడ ఆవశ్యకములు. అవి వలసినవి మాత్రము బహు స్వల్పము. మితిమీఱినచో అవియే కీడు చేయును. సీసము, కాడ్మియము, పాదరసము, ఆర్సెనికము అట్లు కావు. వీనివలన పైరునకు ప్రయోజనము లేదు, కొంచెమైనను మేలుగాదు. త్రాగునీటికి మన దేశపు ప్రమాణమును చూచినచో ఈ భేదము తేటపడును. లీటరు నీటిలో జింకు 5 మిల్లీగ్రాముల వఱకు ఉండవచ్చును; సీసము 0.01 మిల్లీగ్రామును, కాడ్మియము 0.003 మిల్లీగ్రామును మించరాదు.

ఏ జీవియు లోహమును పుట్టింపజాలదు. మేతలో నున్నదే పేడలో వచ్చును. మన ఎద్దులు, బఱ్ఱెలు, గొఱ్ఱెలు జొన్నచొప్పయు, కొఱ్ఱగడ్డియు, బీటిలోని కసువును తినును. ఆ మేత మన నేలలోనిదే గనుక, వాని పెంటలోని జింకు, రాగి మన నేలనుండి బయలుదేఱి మఱల మన నేలకే చేరును. ఇది ఇంటిలో ఒక గూటిలోని రూకను వేఱొక గూటిలో పెట్టుట వంటిది.

కోళ్ల ఫారములలోను, పందుల ఫారములలోను సంగతి వేఱు. అచటి దాణాలో ఎదుగుదలకును, రోగనివారణకును జింకు, రాగి లవణములను కలుపుదురు. తిన్నదానిలో అధికభాగము ఒంటికి పట్టక రెట్టలో వెలువడును. అందుచేత కోళ్ల యెరువులో జింకు, రాగి పశువుల పెంటలోకంటె ఎన్నో రెట్లు ఉండవచ్చును. ఇది బయటినుండి మన నేలకు వచ్చిపడు క్రొత్త లోహము. అమెరికాలో చిరకాలము కోళ్లకు ఆర్సెనికము గల మందులను దాణాలో పెట్టుచుండిరి. వానిలో ముఖ్యమైనదాని అమ్మకము 2011లో నిలిచినది, 2015 నాటికి తక్కినవియు పోయినవి. ఐరోపాలో పందిపిల్లలకు మందుగా ఇచ్చు జింకు ఆక్సైడును 2022లో నిషేధించిరి; అది పెంటద్వారా నేలలో పేరుకొనుట అందుకొక కారణము.

పేరుకొనుట ఎంత?

లెక్క వేసి చూతము. ఒక ఎకరమునకు 8 బండ్లు, అనగా ఇంచుమించు 4 టన్నుల దిబ్బయెరువు తోలితిమనుకొందము. అందులో సగము తేమ పోగా 2 టన్నులు పొడి. పొడియెరువు కిలోకు 100 మిల్లీగ్రాముల జింకు ఉన్నదనుకొన్నచో, మొత్తము 200 గ్రాములు. ఎకరపు నేలలో పైజేన మన్ను సుమారు 8 లక్షల కిలోలు తూగును. ఆ మన్నులో ఈ 200 గ్రాములు కలిసినచో కిలోకు పావు మిల్లీగ్రాము మాత్రమే చేరును. ఒక పంట నూరు గ్రాములకు లోపుగ ఎత్తుకొనిపోవును. ఏటేట తోలినను ఇరువది యేండ్లకు కిలోకు 5 మిల్లీగ్రాములు దాటదు. మన వరిమళ్లలో ఎకరమునకు ఒక్కమాఱు వేయు 20 కిలోల జింకు సల్ఫేటులో 4 కిలోలకు పైగా జింకు గలదు. ఇరువది యేండ్ల దిబ్బయెరువు చేయు పని ఆ ఒక్క సంచియే చేయుచున్నది. కావున మన పశువుల పెంటనుగూర్చి భయపడవలసిన పని లేదు.

ఇప్పుడు అదే తూకము కోళ్ల యెరువును చూతము. తేమ తక్కువ గనుక 4 టన్నులలో 3 టన్నులు పొడి. కిలోకు 400 మిల్లీగ్రాముల జింకు అనుకొన్నచో 1,200 గ్రాములు. కిలో మన్నునకు ఒకటిన్నర మిల్లీగ్రాము. ఇరువది యేండ్లకు 30 మిల్లీగ్రాములు. ఒక యేడు తోలినచో హాని లేదు. పైగా జింకు కొఱతగల చేనికి లాభమే. ఏటేట ఒకే చేనికి తోలుటలోనే చిక్కు గలదు. లోహము నత్రజనివలె గాలిలో కలిసిపోదు. చివికి మాయము గాదు. ఒకమాఱు నేలలో చేరినది తరతరములు అచటనే యుండును, లేదా వానతో క్రిందికి పోవును.

ఇచటనే ఇంకొక సంగతి. ఎరువును కుళ్లబెట్టినచో లోహము తగ్గునని కొందఱి భ్రమ. కుళ్లుటలో తగ్గునది ఎరువు తూకము, లోహము తఱుగదు. పది బండ్లు కుళ్లి ఐదు బండ్లైనచో, అందలి కిలోకు లోహము రెట్టింపగును. అయినను కుళ్లిన యెరువులో లోహము ముదురు జీవపదార్థమును గట్టిగ పట్టుకొని, నీటిలో సులభముగ కరగదు. ఈ గుణముచేతనే పచ్చియెరువుకంటె మాగిన యెరువు మేలని చెప్పుచున్నాము.

వాన లోహమును ఎట్లు మోయును?

రెండు త్రోవలు గలవు. మొదటిది, లోహము నీటిలో కరగి పోవుట. రెండవది, మట్టిరేణువులకు అంటుకొని మట్టితోబాటు పోవుట.

మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు నల్లరేగడి క్షారగుణము గలది, సున్నపుగులకలు కలిసినది. ఇట్టి నేలలో జింకు, సీసము, కాడ్మియము కరగుట కష్టము. రేణువులను పట్టుకొని యుండును. మన చేలలో జింకు ఉండియు పైరునకు అందకపోవుటకు ఇదియే కారణము. మట్టిపరీక్షలో పైరునకు అందు జింకు కిలోకు 0.6 మిల్లీగ్రామునకు తగ్గినచో కొఱత యని యెంచుదురు.

కావున మనవద్ద లోహము పోవు పెద్దత్రోవ మట్టి. దీనికిని ఒక లెక్క: ఎకరముపై 50 మిల్లీమీటర్ల వాన పడినచో 2 లక్షల లీటర్ల నీరు. అందులో నాలుగవపాలు, అనగా 50 వేల లీటర్లు, వంకలోనికి పాఱినదనుకొందము. లీటరునకు 0.05 మిల్లీగ్రాము జింకు కరగియున్నచో రెండున్నర గ్రాములు పోవును. ఆ నీటితోబాటు ఒక టన్ను మట్టి కొట్టుకొనిపోయినదనుకొన్నచో, కిలో మట్టిలో 70 మిల్లీగ్రాముల జింకు చొప్పున 70 గ్రాములు పోవును. మట్టిని ఆపినవాడు లోహమును ఆపినవాడే.

మన ప్రాంతమున ఏటి వాన 600 మిల్లీమీటర్ల సమీపమున నుండును. అది నెమ్మదిగ పడదు. కొన్ని దినములలోనే కుండపోతగ పడును. శనగకని ముంగారులో బీడుపెట్టిన రేగడి నున్నగ నుండి, ఆ వానలను ఒంటిమీద వస్త్రము లేనివానివలె భరించును. 1933 ప్రాంతమున సోలాపురము, బిజాపురము, రోహతకులతోబాటు మన పొరుగుననున్న హగరి, రాయచూరులలో మెట్టసేద్యపు పరిశోధనలు మొదలిడిన దిందులకే. వాననీటిని చేనిలో నిలుపుట అచటి ముఖ్యమైన ప్రశ్న.

ఎరువు చేయు రెండు పనులు

ఇప్పుడు రైతుపెద్ద ప్రశ్నకు వత్తము. ఎరువు ఒకచేత్తో లోహమును పట్టుకొనును, రెండవచేత్తో విడిచిపెట్టును.

పట్టుకొను విధ మిది: మాగిన పెంట మట్టిరేణువులను గులకలుగ కట్టును. గులకలు గల నేల వానబొట్టుకు చెదరదు, నీటిని లోనికి పీల్చును, పైన పాఱు నీరు తగ్గును, మట్టికోత తగ్గును. దీనిని చూపుటకు మేము మాధవరములో రెండు గాజుగ్లాసులతో ఒక పరీక్ష చేసితిమి. ఏండ్లుగ మంద కట్టించుచున్న చేనినుండి ఒక పెడ్డను, ప్రక్కన ఎరువెఱుగని చేనినుండి ఒక పెడ్డను తెచ్చి, ఎండబెట్టి, మెల్లగ నీటిలో వదలితిమి. ఎరువెఱుగని పెడ్డ వక్క కొఱికి నమలునంతలో విచ్చి బురదయైనది, నీరు మురికిపట్టినది. మందచేని పెడ్డ చాలసేపు నిలిచినది. ఈ పరీక్షకు ఖర్చు లేదు. ప్రతివారును ఇంట చేసికొనవచ్చును. వంకలోని యెఱ్ఱనీరును ఆపు గుణము ఏ చేనికి గలదో మీ కన్నులకే తెలియును.

ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ క్షేత్రమున 1843 మొదలు ఒక గోధుమమడికి ఏటేట హెక్టారునకు 35 టన్నుల దిబ్బయెరువు తోలుచున్నారు. ఆ మడిలోని జీవాంశము ఎరువు లేని మడిలోదానికి రెండు మూడు రెట్లున్నది. మన వైపున కోయంబత్తూరులో 1909 మొదలు ఎరువుల శాశ్వత పరీక్షామళ్లు నడచుచున్నవి. ఇట్టి మళ్లన్నియు చెప్పునది ఒకటే: ఎరువు మేలు ఏటితో తీరదు; ఓపికతో కూడబెట్టునది.

విడిచిపెట్టు విధ మిది: పచ్చియెరువులో నీట కరగు జీవపదార్థము మెండు. టీనీటి రంగుతో దిగునది అదియే. రాగికి ఆ పదార్థమునందు మిక్కిలి ప్రీతి. దానిని పట్టుకొని నీటిలో తేలిపోవును. క్షారపు నేలలో కరగని రాగియు దీని చేయూతతో కరగిపోవును. పచ్చియెరువు చేనిపై పఱచి, దున్నక విడిచి, మఱునాడే గట్టివాన పడినచో అది వంకకే పోవును. ఎరువు వేసిన పిమ్మట నీరు పాఱు మొదటి వానయే అన్నిటికంటె అపాయకరము. తరువాతి వానలలో ఆ అపాయము తగ్గుచు వచ్చును.

మా తప్పు

ఈ మాట మేము పుస్తకమునుండి మాత్రమే నేర్చినది కాదు. కొన్ని యేండ్ల క్రిందట ఒక రైతునకు "వానకు ముందు ఎరువు చల్లుము, వానయే దానిని లోనికి దింపును, గుంటక కూలి మిగులును" అని మేమే సలహా చెప్పితిమి. ఆయన మమ్ము నమ్మి, కుంటకు ఎగువనున్న ఏటవాలు చేనిలో కొనితెచ్చిన కోళ్ల యెరువు పఱచెను. రెండవనాటి రాత్రి పెద్దవాన. తెల్లవాఱి చూడ, చేనిలో ఎరువు సగమైనను లేదు. కుంటనీరు టీ డికాషనువలె నున్నది. ఆ కుంటకు వచ్చు గొఱ్ఱెలు మూతిపెట్టి వెనుదిరిగినవి. గొఱ్ఱెలకాపరి మమ్ము నిందింపలేదు. మందను రెండు మైళ్ల దూరమున నున్న వేఱొక నీటికి తోలుకొనిపోయెను. ఎరువు ధర రైతునకు, నడక కాపరికి, సలహా మాది. ఆనాటినుండి ఎవరికైనను ఎరువు సంగతి చెప్పునపుడు "ఆనాడే గుంటక తోలుము" అను మాట విడువక చెప్పుచున్నాము.

గొఱ్ఱెలున్న ఊరికి ప్రత్యేకమైన హెచ్చరిక

మన ప్రాంతము గొఱ్ఱెలకు పేరుపడ్డది. కురువ సోదరుల మందలు చేలలో కట్టుట మన సేద్యమునకు వెన్నెముక. గొఱ్ఱెకు రాగి విషయమున ఒక దౌర్బల్యము గలదు. ఆవును, మేకయు ఓర్చుకొను రాగిని గొఱ్ఱె ఓర్చలేదు. వచ్చినదానిని కార్జములో దాచుకొనుచు పోవును. పైకి ఏమియు కనబడదు. ఒకనాడు మేత మాఱినపుడో, దూరము నడచినపుడో కార్జములోని రాగి ఒక్కమాఱు రక్తములో పడును. కన్నులు పసుపుపట్టును, మూత్రము నల్లయెఱుపగును, జీవము రెండు మూడు దినములలో పోవును. ఐరోపావారు గొఱ్ఱెల దాణాలో రాగి కిలోకు 15 మిల్లీగ్రాములు మించరాదని నియమించిరి. రాగి కలిపిన దాణా తిన్న కోళ్ల రెట్టలో దానికి ఎన్నో రెట్లుండవచ్చును.

కావున కోళ్ల యెరువు పైన పఱచిన చేనిలో, అది నేలలో కలిసి ఒకటి రెండు వానలు పడి పచ్చిక కడుగబడు వఱకు గొఱ్ఱెలను మేపరాదు. కోళ్ల పెంటకుప్పలను మందకు అందకుండ కంచెవేయవలెను. తోటలకు మైలుతుత్తము పిచికారీ చేసిన కసువును గూడ గొఱ్ఱెలకు వేయరాదు. ఒక పొట్టేలు వెల ఒక లారీ ఎరువులో కలిసివచ్చిన లాభమును మ్రింగివేయును.

నీటిమళ్ల సంగతి

తుంగభద్ర దిగువకాలువ క్రింద వరిమళ్లు చేయువారికి ఒక మాట. మడిలో నీరు నిలిచినపుడు నేలకు గాలి యాడదు. అపుడు ఇనుము, మాంగనీసు కరగును. ఇనుమును అంటియున్న ఆర్సెనికము గూడ వదలును. అందుచేత ఎరువు వేసి దమ్ముచేసిన మడినీటిని వెంటనే కాలువలోనికి వదలరాదు. కొన్ని దినములు మడిలోనే నిలిపి బురదను పేరుకొననిచ్చినచో, ఎరువు బలమును మట్టియు మీ మడిలోనే మిగులును.

మన వంకల నీరెల్ల తుంగభద్రకు చేరును. మాధవరమునకు దిగువను సుంకేసుల కలదు. అచటినుండి కర్నూలు–కడప కాలువ బయలుదేఱును. కర్నూలు నగరమువారు ఈ ఏటినీటినే త్రాగుచున్నారు. 2009 అక్టోబరులో మంత్రాలయమును, కర్నూలును ముంచిన వఱదను మనమెవ్వరము మఱువలేదు. ఏరు పొంగినపుడు ఎగువవాని చేనిమన్ను దిగువవాని యింటిలో పేరుకొనును. మనము వదలిన నీరు మఱియొకరి కడవలోని నీరు.

ఏమి చేయవలెను?

మొదటిది: కొన్న యెరువును పరీక్షింపక తోలరాదు. పట్టణపు కంపోస్టునకు మన ప్రభుత్వపు ఎరువుల ఉత్తరువులో హద్దులు గలవు. కిలోకు జింకు 1,000, రాగి 300, సీసము 100, ఆర్సెనికము 10, కాడ్మియము 5 మిల్లీగ్రాములు మించరాదు. కోళ్ల యెరువు కొనునపుడును ఈ హద్దులనే కొలకఱ్ఱగ పట్టుకొనుడు. ఒక్కొక్క రైతు పరీక్ష చేయించుట భారము. సంఘము లారీకొక నమూనా పంపినచో తలకు పడు ఖర్చు అత్యల్పము. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున చేనేతవారిచే సంఘము పెట్టించి, ఒంటరిగ సాగని పనిని కూడి సాగించి చూపిరి. నూలుకు చెల్లిన నీతి ఎరువుకును చెల్లును.

రెండవది: పట్టణపు చెత్త యెరువులో పాతబ్యాటరీలు, రంగులు, తీగలు కలియకుండ చూడుడు, సీసము వచ్చు ద్వారము లవియే. భాస్వరపు ఎరువులలోను కొంత కాడ్మియముండును. ఐరోపావారు 2022 మొదలు దానికి హద్దు పెట్టిరి. మట్టిపరీక్షలో చాలినంత భాస్వరమున్న చేనికి అలవాటుచొప్పున మఱొక బస్తా వేయుట ధనమునకును నేలకును నష్టము.

మూడవది: మట్టిపరీక్ష చేయించుడు. 2015లో మొదలైన భూసార పరీక్షా పత్రములో జింకు, రాగి, ఇనుము, మాంగనీసు లెక్కలు గలవు. జింకు కొఱతగల చేనికి కోళ్ల యెరువు ముందుగ పోవలెను. చాలినంత యున్న చేనికి పశువుల పెంటయు మందయు చాలును. ఒకే చేనికి ఏటేట కోళ్ల యెరువు వేయక, మూడు నాలుగేండ్లకొకమాఱు మార్చి మార్చి వేయుడు.

నాలుగవది: దిబ్బను వంకగట్టున పెట్టకుడు. గుంత త్రవ్వి, చుట్టు కట్టవేసి, పైన మట్టి కప్పి మాగబెట్టుడు.

ఐదవది: తోలిననాడే పఱచి, పఱచిననాడే గుంటకతో కలియబెట్టుడు. మబ్బు కమ్మినపుడు పఱచుట మానుడు.

ఆఱవది: ఏటవాలునకు అడ్డముగ దున్నుడు, అడ్డముగ గట్లు వేయుడు. వంక ప్రక్కను, కుంట ప్రక్కను నాలుగైదు గజముల మేర ఎరువు వేయక, కసువు పెరుగనిండు. ఆ కసువుపట్టె మట్టిని వడగట్టును; కోసినచో పశువునకు మేతయగును.

ఈ ఆఱింటిలో ధనముతో పనిగలది మొదటిది మాత్రమే. తక్కినవాని కెల్ల జాగరూకతయే మూలధనము.

రైతుపెద్దకు మా ప్రత్యుత్తర మిది: తాతలు తోలిన పెంట తప్పుగాదు. వారి పెంట వారి నేలలో పుట్టినది; దానిని వారు గుంటకతో కలిపిరి. మనము కొనితెచ్చునది ఎచటనో పుట్టినది. అతిథిని ఊరు పేరు అడిగి ఇంటిలోనికి పిలుచునట్లు దానిని పరీక్షించి చేనిలోనికి పిలువవలెను. పిలిచిన పిమ్మట వాకిట నిలుపక, ఆనాడే లోనికి చేర్చవలెను. రాబోవు సంఘసమావేశమునకు సభ్యులందఱును తమ చేని పెడ్డ నొకదానిని ఎండబెట్టి తీసికొని రావలెనని కోరుచున్నాము. గ్లాసులును, నీరును మేము తెత్తుము. లారీలకు బయానా ఇచ్చుటయో మానుటయో ఆ పెడ్డలను, నమూనా పరీక్షాఫలితమును చూచిన పిమ్మట అందఱము కలిసి నిర్ణయింతము.